పర్వాలేదంటే కార్డు రాదు

మా ఇంగ్లీషువాళ్ళంత మర్యాదస్తులు భూమ్మీద ఇంకెవరూ లేరని మాకో గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పెట్టెల్లో సర్దుకునే ఈ స్పెయిన్ సముద్రపొడ్డుకి, ఈ టొర్రెసాల్ ఊరికి వచ్చి పడ్డాం. ఉద్యోగాలు అయిపోయాయి, పింఛన్లు వస్తున్నాయి, ఎండ ఊరికే వస్తోంది, ఇంకేం కావాలి? ఏడవడానికి ఒక కారణం కావాలి. దాన్ని ఇక్కడివాళ్ళు రోజూ పొద్దున్నే సరఫరా చేస్తారు. వీళ్ళకి వరసలో నిలబడడం తెలియదు, బండి ఆపడం చేతకాదు, నాలుగు లైట్లూ వెలిగి ఆరేట్టు పెట్టేసి "ఐదు నిమిషాలు" అని రోడ్డు మధ్యలో వదిలి కాఫీకి పోతారు. ఇదంతా మేం సాయంత్రం బీరు గ్లాసుల ముందు కూర్చుని ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుంటాం. ఆ బండివాడికి మాత్రం చెప్పం.

నిజానికి ఈ ఊరి పద్ధతి చాలా తేలిక. నీ బండికి ఎవడైనా అడ్డం పెట్టాడా, హారన్ కొట్టు. అది మోగుతూ ఉంటే ఎక్కడో ఓ తలుపులోంచి వాడు నోట్లో రొట్టెముక్కతో పరిగెత్తుకొస్తాడు, "వస్తున్నా, వస్తున్నా" అని చెయ్యూపుతాడు, బండి తీసుకుని పోతాడు. కోపాల్లేవు, తాపాల్లేవు. మేం కొట్టం. చచ్చినా కొట్టం. నడివీధిలో హారనా, సిగ్గు లేదూ! స్టీరింగ్ పట్టుకుని గంటసేపు లోపల్లోపల ఉడుకుతాం. ఆ తర్వాత "దయచేసి" అని మొదలుపెట్టి ఇంగ్లీషులో ఓ చీటీ రాసి వాడి అద్దానికి తగిలించి, నడుచుకుంటూ ఇంటికి పోతాం. నడవగలిగినవాళ్ళ సంగతి ఇది. మా ట్రెవర్ నడవలేడు.

ట్రెవర్ నా మొగుడు. లీడ్స్‌లో సిటీబస్సు నడిపేవాడు, మంచులో, వానలో, శనివారం రాత్రి తాగుబోతుల మధ్య. పక్షవాతం వచ్చి ఎడమపక్కంతా పడిపోయింది. ఎండ మంచిదన్నారని ఇక్కడికి తీసుకొచ్చాను. వికలాంగుల బండికని ఇంగ్లండులో ఇచ్చిన నీలం కార్డు ఒకటి ఉండేది, దాని గడువు తీరింది. కొత్తది ఇవ్వమని అక్కడికి ఫోన్ చేస్తే, "మీరు ఆ దేశంలో ఉంటున్నారు కదా, ఆ దేశాన్నే అడగండి" అన్నారు. ఈ దేశాన్ని అడిగితే, "మీకు నడక రాదని మా డాక్టరు చూసి చెప్పాలి. పిలుపొస్తుంది, ఆగండి" అన్నారు. ఆగాం. ఆగడంలో మమ్మల్ని మించినవాళ్ళెవరు!

ఆగుతుండగానే ఓ రోజు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, వికలాంగుల బండ్లకని రోడ్డు మీద గీసిన నీలంగీతల గడిలో బండి పెట్టి లోపలికి పోయాం. బయటికొచ్చేసరికి బండి లేదు. కార్డు లేని బండి కదా, పోలీసులు లాక్కెళ్ళిపోయారు. మొద్దుబారిన దవడతో, చక్రాల కుర్చీలో, నడినెత్తిన ఎండలో ట్రెవర్ ఫుట్‌పాత్ మీద కూర్చుంటే జనం జాలిగా చూసి పోతున్నారు. ఒకావిడ చేతిలో చిల్లర పెట్టబోయింది. ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. రేవు పక్కన కాఫీకొట్టులో విసెంతె అనే ముసలి జాలరితో రోజూ డామినోలు ఆడేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా బల్ల గుద్ది గుద్ది పోట్లాడుకునేవాళ్ళు. అది మానేశాడు. "బయట నాకేం పనే?" అని కిటికీ దగ్గర కూర్చున్నాడు. కార్డు రాకపోతే ఈ మనిషి ఇక గడప దాటడని నాకు అర్థమైంది. నాకు పట్టుకున్న భయం అదే.

ఇక మాల్కమ్ సంగతి చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం సయించదు. మాల్కమ్ మా ప్రవాసుల సంఘానికి అధ్యక్షుడు. అందులోనే వికలాంగుల సౌకర్యాల కమిటీ అని ఒకటి పెట్టి, దానికీ తనే అధ్యక్షుడయ్యాడు. ఆ కమిటీ ఓ బారు మేడమీద కూడుతుంది. లిఫ్టు లేదు, ఇరుకు మెట్లు. అందుకని ఆ కమిటీలో వికలాంగుడనేవాడు ఒక్కడూ లేడు. "స్పెయిన్‌వాళ్ళకి వికలాంగుల గడి అంటే గౌరవం లేదు" అని మాల్కమ్ అక్కడ గంటలకొద్దీ ఉపన్యాసం దంచుతాడు. కింద, నీలంగీతల గడిలో, అతని లేతపసుపు బండి హాయిగా నీడపట్టున ఉంటుంది. దాని అద్దం వెనక కార్డు అతని పెళ్ళాం జీన్‌ది. జీన్ చచ్చిపోయి ఏడాది దాటింది.

అందరికీ తెలుసు. ఎవరూ అనరు. అంటే మర్యాద కాదు కదా, పాపం ఆలిని పోగొట్టుకున్న మనిషి! మా పక్క వాటాలో ఉండే ఎన్‌కార్నా మాత్రం ఊరుకోదు. చేపల అంగడి నడిపి నడిపి పిల్లలకిచ్చి ఇంట్లో కూర్చుంది గానీ, గొంతు ఇంకా అంగట్లోనే ఉంది. ఇంగ్లీషు కూడా బేరాలాడే నేర్చుకుంది. "తల్లీ, మీ దేశంలో చచ్చినవాళ్ళకి కూడా షికారు కావాలా?" అని నన్నడిగితే ఏం చెప్పను? మాట మార్చి వాతావరణం గురించి మాట్లాడాను.

చివరికి ఆ పిలుపు వచ్చింది. పక్క పట్నంలో పరీక్ష. ఆ వేళకి రాకపోతే మళ్ళీ మొదటినుంచి ఆగాలని చిన్నక్షరాల్లో రాశారు. దుబాసీగా ఎన్‌కార్నాని రమ్మన్నాను. పెళ్ళికెళ్తున్నట్టు నల్ల పట్టుగౌను వేసుకుని, విసనకర్ర ఆడిస్తూ వెనకసీట్లో కూర్చుంది. దారిపొడుగునా ట్రెవర్‌కి నూరిపోసింది.

"చూడు మహానుభావా, అక్కడ మీసం మెలెయ్యకు. మూలుగు. బాగా మూలుగు. మా బావ వేలు విరిగితేనే చచ్చిపోతున్నట్టు ఏడ్చి పింఛను తెచ్చుకున్నాడు."

"అడిగినదానికి చెబుతాను, అంతే," అన్నాడు ట్రెవర్.

"అంతే అంటే అయినట్టే!" అంది ఎన్‌కార్నా.

ఆఫీసు ముందు ఆగాం. నడవలేనివాళ్ళని పరీక్షించే ఆ ఆఫీసుకి ఎదురుగా గుడికున్నట్టు పెద్ద పెద్ద మెట్లు. కుర్చీ ఎక్కడానికి పక్కనుంచి ఒక వాలుదారి కట్టారు. అది సరిగ్గా నీలంగీతల గడి దగ్గర మొదలవుతుంది. ఆ గడిలో, ముక్కు వాలుదారి మీదికి తోసుకుని, ఒక లేతపసుపు బండి నిలబడి ఉంది. కుర్చీ కాదు కదా, పిల్లి కూడా పక్కకి ఒదిగి దూరాలి.

"జీన్ వచ్చినట్టుందే!" అంది ఎన్‌కార్నా.

నా ఒళ్ళు మండిపోయింది. వేళ దగ్గర పడుతోంది. ఇంకో ఏడాది ఆ కిటికీ దగ్గర ట్రెవర్ వీపు చూస్తూ బతకడం నా వల్ల కాదు. అయినా నేనేం చేశానో వినండి. సంచీలోంచి పెన్సిలు తీశాను. "ప్రియమైన మాల్కమ్, దయచేసి..." అని రాయడం మొదలుపెట్టాను.

"ఏం రాస్తున్నావ్?" అంది ఎన్‌కార్నా.

"చీటీ."

"చీటీయా! ఆయన సాయంత్రం వచ్చి తీరిగ్గా చదువుకుంటాడా? హారన్ కొట్టవే తల్లీ!"

"వద్దే గ్లెండా," అన్నాడు ట్రెవర్. "వీధిలో గొడవెందుకు? ఇంకో రోజు వద్దాంలే."

ఇంకో రోజట! ఆ మాటతో నాకు తిక్క రేగింది. పెన్సిలు కిటికీలోంచి విసిరేసి హారన్ మీద చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి తియ్యలేదు. నా జన్మలో అంత మోత నేను చెయ్యలేదు. పావురాలు లేచిపోయాయి. కాఫీకొట్టువాడు బయటికొచ్చాడు, మంగలి సబ్బుముఖంతో ఉన్న మనిషితో సహా బయటికొచ్చాడు, మేడమీద కిటికీలో తెల్లకోటు వేసుకున్న ఓ అమ్మాయి కాఫీకప్పుతో తొంగిచూసింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పుడు పై తలుపు తెరుచుకుని మాల్కమ్ వచ్చాడు. నడిచి రాలేదు, పరిగెత్తి వచ్చాడు. తన బండిని ఎవరో గుద్దారనుకున్నాడేమో, వాలుదారి మీద కుర్రాడిలా దూకుతూ వచ్చాడు. చంకలో చేతికర్ర ఉంది. అది జీన్‌ది. సగం దారిలో మమ్మల్ని చూసి ఆగి, కర్ర నేలకానించి, కుంటడం మొదలుపెట్టాడు. ఏ కాలు కుంటాలో ఒక క్షణం మరిచిపోయినట్టున్నాడు, రెండూ కుంటాడు.

విషయం తెలిసిపోయింది. జీన్ కార్డుకి కూడా కాలం దగ్గరపడింది, సొంతానికి ఒకటి సంపాదించుకోవడానికి వచ్చాడు. మేడమీద వరసలో కూర్చుని, మాకంటే ముందు పేరు రాయించుకుని, ఇప్పటిదాకా మూలుగుతున్నాడు.

"గ్లెండా!" అన్నాడు రొప్పుతూ. "ఇదేం పద్ధతి? ఇక్కడివాళ్ళ అలవాట్లు మనకీ అంటుకుంటే ఎలా?"

"బండి తియ్యి మాల్కమ్."

"నాకు కార్డుంది."

"నీకు లేదు. జీన్‌కి ఉంది."

"జీన్‌కి నేను..." అని నీళ్ళు నమిలాడు.

"జీన్ చచ్చిపోయింది మాల్కమ్. పూడ్చిన రోజు శాండ్‌విచ్‌లు చేసింది నేనే. నువ్వు గుడ్డువి తిన్నావు."

వీధంతా చెవులు రిక్కించింది. వాళ్ళకి ఇంగ్లీషు రాదు, కానీ ఎన్‌కార్నా పుణ్యమా అని అప్పటికప్పుడే గట్టిగా అందరికీ స్పానిషులో అందిపోయింది, గుడ్డుతో సహా. మంగలి సబ్బు కుంచె గుండెకి ఆనించుకున్నాడు. కాఫీకొట్టువాడు "అమ్మో!" అన్నాడు. మాల్కమ్ మొహంలో నెత్తుటిచుక్క లేదు. బండి వెనక్కి తీసుకుని పోయాడు. పరీక్షకి మళ్ళీ పైకి రాలేదు. వచ్చినా లాభం ఉండేది కాదు, కిటికీలో కాఫీకప్పుతో నిలబడి అతని పరుగు చూసింది పరీక్ష చెయ్యాల్సిన డాక్టరమ్మే. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం జీన్ గుర్తొచ్చి, అంత మాట అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది. పొద్దున్న లేచేసరికి ఆ ఆలోచన పోయింది.

లోపల లిఫ్టు ఉంది. కుర్చీ దాంట్లో పట్టదు. కుర్చీకి కాళ్ళుపెట్టుకునే పలకలు ఊడదీసి, ట్రెవర్‌ని వెనక్కి తిప్పి లోపలికి తోశాను, పలకలు ఎన్‌కార్నా నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పైన గుమాస్తా, "లిఫ్టు బాగుందా? కొత్తగా పెట్టించాం" అని అడిగాడు. చాలా బాగుందన్నాను. చూశారా, ఒక్కసారి హారన్ కొట్టినంత మాత్రాన పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది!

డాక్టరమ్మ చిన్నపిల్ల. పేరు నూరియా. నన్ను చూడగానే పెదాలు బిగించి నవ్వు ఆపుకుంది. ట్రెవర్ వైపు తిరిగి ఎలా ఉన్నారని అడిగింది.

"పర్వాలేదండి," అన్నాడు ట్రెవర్.

ఎన్‌కార్నా అతన్ని కొరకొరా చూసి, తప్పక, ఆ మాటే చెప్పింది.

"స్నానం ఎవరు చేయిస్తారు?"

"ఏదో నేనే సర్దుకుంటాను."

"బట్టలు?"

"వేసుకుంటానండి. కాస్త ఆలస్యమవుతుంది."

"నడక?"

"ఇంట్లో తిరుగుతూనే ఉంటాను."

"అయ్యో నా తండ్రీ!" అని ఎన్‌కార్నా నుదురు కొట్టుకుంది. "ఇది నేను చెప్పను. నా నోటితో చెప్పను."

కానీ డాక్టరమ్మకి ఆపాటి ఇంగ్లీషు వచ్చు. రాసుకుంటోంది. మా దేశంలో అయితే ఏ గొడవా లేదు. మగాడు "పర్వాలేదు" అంటే స్ట్రెచరు తెమ్మని అర్థం, అది అక్కడి డాక్టర్లకి తెలుసు. "కొంచెం ఇబ్బందిగా ఉంది" అంటే పాస్టరుని పిలుస్తారు. ఇక్కడ జనం ఉన్నదున్నట్టు ఏడుస్తారు. ఏడవనివాడికి ఏమీ లేదనే కదా వీళ్ళ లెక్క! ఆ పిల్ల తప్పేముంది?

"కొంచెం నడిచి చూపిస్తారా?" అంది.

చూపించాడు! బల్ల పట్టుకుని లేచి, ఎడమకాలు గోనెసంచిలా ఈడ్చుకుంటూ, తలుపుదాకా పోయి తిరిగొచ్చాడు. మెడ మీద నరాలు తేలాయి, చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. వచ్చి కూలబడి, "ఏముందండీ ఇందులో" అన్నాడు. పెళ్ళికి ముందు నా వెంట తిరిగిన రోజుల్లో కూడా నా ముందు అంత ప్రతాపం చూపించలేదు.

"చాలా బాగుంది," అంది డాక్టరమ్మ, మెచ్చుకోలుగా. "ఈ స్థితిలో ఇంత బాగా తిరగ్గలుగుతున్నారంటే కార్డు అవసరం..." అంటూ కాగితం తిప్పింది.

అక్కడ నా నోరు తెరుచుకుంది. దుబాసీతో పని లేదు, నాకొచ్చిన వంకరటింకర స్పానిషులోనే మొదలుపెట్టాను. స్నానం నేను చేయిస్తానన్నాను. గుండీలు నేను పెడతాను, మాంసం నేను కోసిపెడతాను, పాయిఖానా దగ్గర నేను ఉండాలి, రాత్రిళ్ళు పక్క తడుస్తుంది, దుప్పట్లు తెల్లారకముందే ఉతికి ఆరేస్తాను, ఎదురింటివాళ్ళు చూడకూడదని. బస్సు నడిపిన మనిషి, అరవైమందిని మంచులో ఇళ్ళకి చేర్చిన మనిషి, ఇవాళ మూత్రానికి లేవలేడు. అదీ సంగతి. రాసుకో తల్లీ, అన్నీ రాసుకో.

ట్రెవర్ చెవులు ఎర్రగా కందిపోయాయి. నేల చూస్తున్నాడు. ఎన్‌కార్నా విసనకర్ర ఆగిపోయింది. నాకు అతని మొహం చూసే ధైర్యం లేకపోయింది. చెయ్యి పట్టుకుందామంటే లాక్కుంటాడేమోనని భయమేసింది.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "భార్య చెప్పినది నేను రాసుకోవడానికి లేదు. ఆయన చెప్పాలి," అంది. ట్రెవర్ వైపు వంగి, తనకొచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. "అయ్యా, ఈవిడ చెప్పింది నిజమేనా?"

కాదంటాడనుకున్నాను. ఆడవాళ్ళు కొంచెం ఎక్కువ చేసి చెబుతారండీ అని నవ్వేస్తాడనుకున్నాను. అంటే అయిపోయేది. ఆ కిటికీ, ఆ కుర్చీ, ఇక అంతే.

నేలమీంచి చూపు తియ్యకుండానే ట్రెవర్ అన్నాడు, "ఆవిడకి సగమే తెలుసు."

"సగమేమిటి?" అన్నాను నేను.

నా వైపు తిరగలేదు. డాక్టరమ్మకే చెప్పాడు. "ఈవిడ బజారుకి వెళ్ళినప్పుడు పడిపోతుంటానండి. వంటింటికీ హాలుకీ మధ్య. లేవలేను. పడ్డచోటే ఉంటాను. తలుపు చప్పుడయ్యేసరికి చెయ్యి తలకింద పెట్టుకుని, నేల చల్లగా బాగుంది, రేడియో వింటున్నానని చెబుతాను."

ఎన్‌కార్నా గొంతు తగ్గించి మాట్లాడగా నేను వినడం అదే మొదలు. అంత మెల్లగా ఆ మాటలు డాక్టరమ్మకి స్పానిషులో చెప్పింది. డాక్టరమ్మ రాసింది. ముద్ర వేసింది. కార్డు ఇంటికే వస్తుందని, ఇక ఏ నీలంగీతల గడిలోనైనా బండి నిలుపుకోవచ్చని అంది. నేను థాంక్స్ కూడా చెప్పలేదు.

నిజమే, వేసవంతా అలాగే కనబడేవాడు. నేనది సంఘంలో అందరికీ చెప్పి నవ్వించాను, మా ట్రెవర్ అచ్చం స్పెయిన్‌వాడైపోయాడు, మధ్యాహ్నం నేలమీద పడుకుంటున్నాడని. ఒకసారి తలకింద దిండు కూడా పెట్టాను. మామూలుగా అయితే అతన్ని దాటుకుని వంటింట్లోకి పోయేదాన్ని, భోజనం వేళకి వచ్చి లేపేదాన్ని. దాటుకుంటూ, కాలు తగిలితే విసుక్కునేదాన్ని.

"ఒక్కసారి లేపమని అడగొచ్చుగా?" అన్నాను. "ఇంట్లోనే ఉన్నాను కదా, పక్కనే తిరుగుతున్నాను కదా, ఒక్క మాట అనొచ్చుగా ట్రెవర్?"

అప్పుడు నా వైపు చూశాడు. కోపం లేదు, ఏమీ లేదు. అడిగినదానికి చెప్పాడు, అంతే.

"నువ్వు అప్పుడే బజారునుంచి నడిచి వచ్చేదానివి. చేతిలో చేపలుండేవి. ఎండకి పాడైపోతాయని కంగారుపడుతుంటే మధ్యలో ఏమడగను?"

ఎన్‌కార్నా ఆ మాట డాక్టరమ్మకి చెప్పలేదు.